కో-పైలట్ వద్దన్నా విమానం ఎందుకు దిగింది? మంగళూరు, కోళికోడ్ ప్రమాదాలపై చర్చ

ఆకాశదారి:
మొన్న ఆదివారం మా ఇంట్లో భోజనాల దగ్గర మొదలైన వాదన ఇది. విమానం కూలినప్పుడల్లా చివరికి పైలట్ తప్పే అని తేలుతుంది కదా, ఇంకా దర్యాప్తులెందుకని మా బాబాయి అన్నారు. కాదన్నాను కానీ సరిగ్గా చెప్పలేకపోయాను. రాత్రి కూర్చుని పాత నివేదికలు మళ్ళీ చదివాను. నాకు అర్థమైంది ఇక్కడ పెడుతున్నాను. ఒప్పుకోని వాళ్ళు తప్పకుండా చెప్పండి.

2010 మే 22. దుబాయ్ నుంచి మంగళూరు వస్తున్న ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 812. అప్పుడే తెల్లవారి ఆరు దాటింది. మంగళూరు రన్‌వే కొండ నెత్తిన చదును చేసి కట్టింది. దాటితే లోయే. రన్‌వే పొడవు 8,033 అడుగులు. విమానం చక్రాలు నేలకి ఆనింది రన్‌వే మొదలు నుంచి సుమారు 5,200 అడుగుల దగ్గర. అంటే సగానికి పైగా గాలిలోనే గడిచిపోయింది. దిగకముందే కో-పైలట్ మూడుసార్లు 'గో అరౌండ్' అన్నాడు, అంటే ల్యాండింగ్ వదిలేసి మళ్ళీ పైకి లేపమని. కెప్టెన్ వినలేదు. విమానంలో ఉన్న 166 మందిలో 158 మంది చనిపోయారు.

2020 ఆగస్టు 7. అదే సంస్థ, అదే దుబాయ్, అలాంటి కొండమీది రన్‌వేనే, ఈసారి కోళికోడ్. కరోనా సమయంలో ఇళ్ళకు వస్తున్న మనుషులు. జోరు వాన. 8,858 అడుగుల రన్‌వే మీద 4,438 అడుగుల దగ్గర చక్రాలు ఆనాయి. ఇక్కడా కో-పైలట్ 'గో అరౌండ్' అన్నాడు. ఇక్కడా దిగారు. ఇద్దరు పైలట్లతో కలిపి 21 మంది పోయారు.

రెండు నివేదికలూ ప్రధాన కారణం దగ్గర దాదాపు ఒకే మాట రాశాయి: కెప్టెన్ వదిలేయాల్సిన ల్యాండింగ్‌ని వదల్లేదు. అది నిజం. నేను కాదనడం లేదు. నా బాధ ఒక్కటే. ఆ నిజం 2010లోనే రాసి పెట్టారు. పదేళ్ళకు అదే ప్రమాదం మళ్ళీ జరిగింది. 'పైలట్ తప్పు' అని రాయడం రెండో విమానాన్ని ఆపలేకపోయిందంటే, ఆ సమాధానంలో ఏదో తక్కువైందన్న మాట. అదేమిటి?

కమాండ్‌సీటు:
ఇరవై రెండేళ్ళు విమానాలు నడిపి రిటైరైన వాణ్ణి. తమ్ముడూ, మీ తపన అర్థమైంది కానీ ఈ ఆలోచనతో నాకు పేచీ ఉంది.

వేగం, ఎత్తు, దిగే రేటు, ఫ్లాప్స్, చక్రాలు అన్నీ ఒక నిర్ణీత ఎత్తుకు వచ్చేసరికి కుదురుకోవాలి. కుదరకపోతే లేపెయ్యాలి. ఆలోచించే పనే లేదు. ఈ రూలు తెలియని కెప్టెన్ ప్రపంచంలో ఉండడు. మంగళూరులో రన్‌వే అంచు దాటేటప్పుడు 50 అడుగుల ఎత్తులో ఉండాల్సిన విమానం దాదాపు 200 అడుగుల్లో ఉంది. 144 నాట్లు ఉండాల్సిన వేగం 160 దాటింది. కాక్‌పిట్‌లో హెచ్చరికలు మోగుతూనే ఉన్నాయి. పక్కనున్న మనిషి మూడుసార్లు చెప్పాడు. ఇంతకన్నా ఏం కావాలి?

ఇంకోటి. నేల తాకాక కూడా గట్టిగా బ్రేకులు వేసి ఉంటే విమానం రన్‌వే చివరనున్న ఖాళీ జాగాలో ఆగేదేమో అని దర్యాప్తు చెప్పింది. కానీ రివర్స్ థ్రస్ట్, అంటే వేగం తగ్గించడానికి ఇంజిన్ల తోపును వెనక్కి తిప్పడం, వాడాక ఆయన మళ్ళీ లేపబోయాడు. ఒకసారి రివర్స్ వేశాక లేపకూడదు, దిగడానికే కట్టుబడాలి. ఇన్ని తప్పుల తర్వాత 'వ్యవస్థ' అంటే, కమాండ్ అనే మాటకి అర్థం ఉండదు. కెప్టెన్ గుర్తుగా నాలుగు చారలు భుజాన వేసుకున్నప్పుడు బాధ్యత కూడా వేసుకున్నట్టే.

జగిత్యాల పక్కూరు:
నేను విమానాల గురించి తెలిసినవాణ్ణి కాదు. మా అన్న పదిహేనేళ్ళుగా షార్జాలో ఉంటున్నాడు, రెండేళ్ళకోసారి వస్తాడు. మంగళూరు విమానంలోనూ, కోళికోడ్ విమానంలోనూ ఉన్నది అలాంటి వాళ్ళే కదా. నాకొకటే డౌటు. అసలు కొండమీద అంత ఇరుకుగా రన్‌వే ఎందుకు కట్టాలి? పక్కన లోయ లేకపోతే పైలట్ తప్పు చేసినా జనం బతికేవాళ్ళు కదా?

శంషాబాద్‌స్పాటర్:
మంచి ప్రశ్న అన్నా. నిజానికి నివేదికల్లో నాకు ఎక్కువ కోపం తెప్పించిన భాగం అదే.

మంగళూరులో విమానం రన్‌వే దాటాక రెక్క ఒక కాంక్రీటు కట్టడానికి తగిలింది. పైలట్లకి రన్‌వే మధ్యగీత చూపించే లోకలైజర్ యాంటెన్నాకి ఆధారంగా కట్టింది అది. రన్‌వే చివర ఉండే వస్తువు ఏదైనా తగిలితే విరిగిపోయేలా ఉండాలి. ఇది విరగలేదు, రెక్కని విరగ్గొట్టింది. తర్వాత మంటలు.

రన్‌వే చివర మెత్తటి కాంక్రీటు దిమ్మెలు పరిచే పద్ధతి ఒకటుంది, ఇమాస్ అంటారు. చక్రాలు అందులో కూరుకుపోయి విమానం ఆగిపోతుంది. ఇసుకలోకి పోయిన బండి ఎలా ఆగుతుందో అలాగే. న్యూయార్క్ కెనడీ విమానాశ్రయంలో 1999లో ఒక చిన్న విమానాన్ని, 2005లో ఒక బోయింగ్ 747 కార్గో విమానాన్ని కూడా ఇది ఆపింది. మంగళూరు తర్వాత పదేళ్ళకు కోళికోడ్ విమానం జారిపోయినప్పుడు అక్కడ అలాంటిది లేదు.

మన శంషాబాద్ రన్‌వే 4,260 మీటర్లు. అక్కడ ఇదే తప్పు ఇదే పైలట్ చేసి ఉంటే, మర్నాడు పేపర్లో లోపలి పేజీలో నాలుగు లైన్లు వచ్చేవి. లేదా అదీ వచ్చేది కాదు.

రాడార్ సంగతి కూడా ఎవరూ ఎత్తలేదు. మంగళూరులో రాడార్ మే 20 నుంచి పనిచేయడం లేదు. అందుకని విమానానికి కిందికి దిగే అనుమతి మామూలు కన్నా దగ్గరికి వచ్చాక ఇచ్చారు. విమానం ఎత్తులో ఉండిపోవడం అక్కడ మొదలైంది.

కమాండ్‌సీటు:
రాడార్ లేకపోతే ఎత్తు తెలియదా? వెయ్యి అడుగులు దిగడానికి సుమారు మూడు నాటికల్ మైళ్ళు కావాలన్న లెక్క ప్రతి పైలట్‌కీ నోటికి వచ్చు. ఆలస్యంగా అనుమతి వస్తే ఒక చుట్టు కొట్టి దిగుతానని అడగాలి. ఏ కంట్రోలరూ వద్దనడు.

రన్‌వే చివర ఏం ఉండాలన్న దానిలో మాత్రం స్పాటర్ గారితో పూర్తిగా ఏకీభవిస్తాను. మనిషి ఎప్పుడో ఒకప్పుడు తప్పు చేస్తాడని తెలిసే కదా రన్‌వే అవతల ఖాళీ వదలమన్నారు. ఆ కాంక్రీటు కట్టడం అక్కడ ఉండకూడదు. దానికి ఎవరు జవాబు చెప్పారో నాకు ఎక్కడా కనిపించలేదు.

హ్యాంగర్‌లో అక్క:
నేను మెయింటెనెన్స్‌లో పనిచేశాను, పైలట్‌ని కాదు. కానీ ఈ చర్చలో అందరూ దాటిపోతున్న మనిషి ఒకరున్నారు. కుడివైపు సీట్లో కూర్చున్న కో-పైలట్.

మంగళూరు నివేదికలో ఒక వాక్యం నన్ను వదలదు. కో-పైలట్ తనంతట తాను కంట్రోల్స్ తీసుకుని విమానాన్ని లేపొచ్చా లేదా అన్న విషయంలో సూచనలు స్పష్టంగా లేవనీ, బహుశా అందుకే ఆయన మాటతో ఆపాడు తప్ప చేతితో ఆపలేదనీ ఆ వాక్యం సారాంశం. పదేళ్ళ తర్వాత కోళికోడ్ నివేదిక కో-పైలట్ కంట్రోల్స్ తీసుకోకపోవడాన్ని ప్రమాద కారణంలోనే చేర్చింది. ఆ మధ్యలో ఏం మారింది మరి?

నా అనుభవం ఒకటి చెప్తాను. చేరిన రెండో ఏడాది. తెల్లవారుజామున ఒక విమానం బయల్దేరబోతుంటే టైరు మీద కోత కనిపించింది. లోతు కొలవాలి, లిమిట్ దాటిందో లేదో అనుమానం. పైన ఉన్న సార్ 'నిన్న కూడా ఇలాగే వెళ్ళింది, సంతకం పెట్టమ్మా' అన్నారు. నేను పెట్టలేదు. కొలిచాం, టైరు మార్చాం, నలభై నిమిషాలు లేటైంది. టైరు గురించి నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. లేటు గురించి రాతపూర్వకంగా వివరణ అడిగారు. తర్వాతి సారి సంతకం ఆపడానికి నాకు ఎంత ధైర్యం కావాల్సి వచ్చిందో నాకే తెలుసు.

అది నేల మీద, చేతిలో టైమున్నప్పుడు. అదే నేలకి రెండొందల అడుగుల ఎత్తులో, తనకన్నా ఎన్నో ఏళ్ళు పెద్దవాడైన కెప్టెన్ చేతిలోంచి కంట్రోల్స్ లాక్కోవాలంటే? రూలు పుస్తకంలో ఒక లైను చాలదు. లాక్కున్న కుర్రాడికి మర్నాడు ఆఫీసులో ఏం జరుగుతుందో వాడికి ముందే తెలిసి ఉండాలి.

గోదారిగట్టు:
అక్కా, ఇది మన పెంపకంలోనే ఉంది. పెద్దలకు ఎదురు చెప్పకూడదని చిన్నప్పటి నుంచీ నేర్పుతాం. క్లాసులో సార్, ఆఫీసులో సార్, కాక్‌పిట్‌లోనూ సార్. విదేశాల్లో పేరు పెట్టి పిలుచుకుంటారు కాబట్టి వాళ్ళకి ఈ సమస్య రాదు.

ఆకాశదారి:
గోదారిగట్టు గారూ, నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కానీ టెనెరీఫె ఒకసారి చూడండి. 1977 మార్చి 27, కెనరీ దీవులు. పొగమంచులో రెండు 747లు ఒకే రన్‌వే మీద. డచ్ సంస్థ కేఎల్‌ఎం విమానం కెప్టెన్ టేకాఫ్ అనుమతి రాకుండానే బయల్దేరాడు. వెనక సీట్లో ఉన్న ఫ్లైట్ ఇంజనీర్ అవతలి విమానం రన్‌వే వదిలిందా లేదా అని అడిగాడు. కెప్టెన్ వదిలిందని గట్టిగా అనేశాడు. ఆ తర్వాత ఇంజనీర్ ఇంకేమీ అనలేదు. 583 మంది పోయారు. ఆ కెప్టెన్, ఇంజనీర్ డచ్చివాళ్ళు. 'సార్' సంస్కృతి కాదు. ఆ కెప్టెన్ ఆ సంస్థలో పైలట్లకు శిక్షణ ఇచ్చే పెద్ద, అంతే. మంగళూరు కెప్టెన్ కూడా సెర్బియా దేశస్థుడే. కాబట్టి ఇది మన దేశపు జబ్బు అని నేను అనను. పెద్ద కుర్చీ, చిన్న కుర్చీ ఎక్కడుంటే అక్కడ ఉంటుంది.

1978లో అమెరికాలో యునైటెడ్ 173 విమానం కూడా అంతే. చక్రాల సమస్య చూసుకుంటూ గాలిలోనే తిరిగారు. ఇంధనం తగ్గుతోందని కెప్టెన్‌కి గట్టిగా చెప్పలేకపోయారు, పోర్ట్‌లాండ్ దగ్గర కూలింది. ఆ తర్వాతే కాక్‌పిట్‌లో కలిసి పనిచేయడం ఎలాగో శిక్షణగా పెట్టారు, సీఆర్‌ఎం అంటారు. దాని ఫలితం 1989లో కనిపించింది. యునైటెడ్ 232లో తోక ఇంజిన్ పేలి హైడ్రాలిక్స్ మొత్తం పోయాయి. అంటే స్టీరింగు లేని బస్సు అనుకోండి. కెప్టెన్ అల్ హేన్స్ ప్రయాణికుల్లో ఉన్న ఇంకో పైలట్‌ని కాక్‌పిట్‌లోకి పిలిచి థ్రాటిల్స్, అంటే ఇంజిన్ల శక్తిని పెంచే తగ్గించే లివర్లు, ఆయన చేతికిచ్చారు. 296 మందిలో 184 మంది బతికారు. అది సీఆర్‌ఎం వల్లనే అని హేన్స్ తర్వాత ఎన్నో చోట్ల చెప్పారు.

కమాండ్‌సీటు గారూ, బాధ్యత విషయంలో మీరన్నది తోసిపుచ్చను. కానీ కోళికోడ్ నివేదికలో ఇంకా ఏమున్నాయో చూడండి. మొదటిసారి దిగబోయినప్పుడు కెప్టెన్ వైపు వైపర్ ఆగిపోయింది. ఆ బేస్‌లో కెప్టెన్ల కొరత. మర్నాడు ఉదయం విమానం ఆయనే నడపాలి, ఎలాగైనా కోళికోడ్‌లోనే దిగాలన్న ఆలోచన ఆయన నిర్ణయాల మీద పనిచేసిందని రాశారు. పోయిన మనిషిని తప్పుపట్టడం తేలిక. వైపర్లు, డ్యూటీ రోస్టర్లు సరిచేయడానికి డబ్బు, మనుషులు కావాలి.

కమాండ్‌సీటు:
టెనెరీఫె ఉదాహరణకి నా దగ్గర జవాబు లేదు. ఒప్పుకుంటాను.

నా సంగతి కూడా చెప్తాను. కెప్టెన్ అయిన కొత్తల్లో, రాత్రి, ఈదురుగాలిలో దిగుతుంటే నా పక్కనున్న కుర్రాడు 'గో అరౌండ్' అన్నాడు. నాకు అంతా బాగానే ఉందనిపించింది. అయినా లేపాను. తర్వాత లెక్కలు చూస్తే వాడిదే కరెక్ట్. మా మధ్య ముందే ఒక ఒప్పందం ఉండేది, ఇద్దరిలో ఎవరన్నా సరే లేపేస్తాం, వాదన కింద దిగాక. అది నాకు నేర్పింది నా ట్రైనింగ్ కెప్టెన్. రూలు కన్నా ముందు ఆయన నేర్పాడు. అలాంటి వాళ్ళు దొరకని పైలట్ల గురించి నేను ఆలోచించలేదని ఇప్పుడు అనిపిస్తోంది.

గోదారిగట్టు:
మరి 2025 జూన్ 12 అహ్మదాబాద్? అక్కడైతే పైలటే స్విచ్చులు ఆపాడని అందరూ అంటున్నారుగా.

ఆకాశదారి:
అందరూ అంటున్నదీ, ప్రాథమిక నివేదికలో ఉన్నదీ వేరు. టేకాఫ్ అయిన క్షణాల్లోనే రెండు ఇంజిన్ల ఇంధన స్విచ్చులూ కటాఫ్‌కి, అంటే ఇంధనం ఆపేసే స్థానానికి, మారాయని అందులో ఉంది. ఎందుకు ఆపావని ఒకరు అడిగారు, నేను ఆపలేదని ఇంకొకరు అన్నారు. ఎవరు ఏం మాట్లాడారో అందులో చెప్పలేదు. ఎందుకు మారాయో కూడా చెప్పలేదు. ఆ ఇద్దరి ఇళ్ళలోనూ మనుషులున్నారు. ఆ నాలుగు వాక్యాల మీద నేను తీర్పు చెప్పను, దయచేసి ఇక్కడ ఎవరూ చెప్పొద్దు.

జగిత్యాల పక్కూరు:
అందరికీ థాంక్స్. ఇప్పుడు గుర్తొచ్చింది. పోయిన సంక్రాంతికి మా అన్న వస్తున్న విమానం నేల తాకబోతూ ఒక్కసారిగా మళ్ళీ పైకి లేచిందట. లోపల ఆడవాళ్ళు, పిల్లలు ఏడ్చారు, పైలట్‌కి నడపడం రాదని కొందరు కేకలేశారట. అన్న కూడా చాలా టెన్షన్ పడ్డాడు, ఇక ఆ విమానం ఎక్కనన్నాడు. రాత్రి ఫోన్ చేసి ఇదంతా చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత 'అయితే ఆ రోజు ఇద్దరిలో ఎవరన్నారో మరి ఆ మాట' అన్నాడు.