‘మదరాసు మనదే’ అన్నప్పుడు ఆ ‘మన’ ఎవరు?

మొన్న ఆదివారం మా అబ్బాయిని మైలాపూరులో, రాయపేట హైరోడ్డు మీదున్న పొట్టి శ్రీరాములు స్మారక భవనానికి తీసుకెళ్లాను. స్వాతంత్ర్య సమరయోధుడు బులుసు సాంబమూర్తి గారి ఇల్లు అది. ఆంధ్ర రాష్ట్రం కోసం 1952 అక్టోబరు 19న దీక్షకు కూర్చున్న శ్రీరాములు గారు డిసెంబరు 15 రాత్రి కన్నుమూసింది అక్కడే. బయటికొచ్చి ఆటో కోసం నిలబడ్డప్పుడు, “ఆ రోజుల్లో ‘మదరాసు మనదే’ అని అరిచేవాళ్లురా” అన్నాను. వాడి స్నేహితులంతా తమిళ పిల్లలే. “మదరాసు మనసా? అదేం నినాదం నాన్నా?” అన్నాడు. తమిళంలో ‘మనదు’ అంటే మనసు. ‘మనదే’ అంటే ‘ఓ మనసా’. నవ్వొచ్చింది గానీ, ఇంటికొచ్చాక ఆ ‘మన’ నన్ను వదల్లేదు.

వినేవాణ్ణి కలుపుకుంటే ‘మనం’, బయట ఉంచితే ‘మేము’. గుళ్లో “మమ్మల్ని కాపాడు స్వామీ” అంటాం. “మనల్ని కాపాడు” అంటే స్వామిని కూడా ఆ లెక్కలో వేసినట్టు. హిందీకీ ఇంగ్లీషుకీ ఈ తేడా లేదు. తమిళానికి ఉంది: నాంగళ్ అంటే మేము, నామ్ అంటే మనం; ఎంగ అంటే మా, నమ్మ అంటే మన.

మరి ‘మదరాసు మనదే’ ఎవరితో అన్న మాట? తెలుగువాళ్ల సభలో తెలుగువాళ్లతో అంటే పేచీ లేదు. అదే మాట పక్కింటి తమిళాయన చెవిన పడిందనుకోండి. వ్యాకరణం ప్రకారం ఊరు ఆయనది కూడా. కానీ ఆయనకు వినిపించింది ‘మాదే’. అవతలి నుంచి తమిళ నాయకుడు మా.పొ. శివజ్ఞానం గారి నినాదం వచ్చింది: తలైయైక్ కొడుత్తేనుం తలైనగరైక్ కాప్పోం. తల ఇచ్చయినా తలనగరాన్ని కాపాడుకుందాం అని. (ప్రాసలో వాళ్లదే పైచేయి, ఒప్పుకోవాలి.) ‘కాప్పోం’లోని ‘మనం’లో తెలుగువాడు లేడని వేరే చెప్పాలా?

నగరం మీద ఆశ వదులుకుంటేనే ఆంధ్ర రాష్ట్రమని 1949లోనే కాంగ్రెసు వేసిన జె.వి.పి. కమిటీ (జవహర్‌లాల్ నెహ్రూ, వల్లభాయ్ పటేల్, పట్టాభి సీతారామయ్య) తేల్చేసింది. 1952 డిసెంబరు 19న నెహ్రూ రాష్ట్రం ప్రకటించిందీ మద్రాసు నగరం మినహాయించే. 1953 అక్టోబరు 1 నాటికి రాజధాని కర్నూలు, ఆఫీసులు డేరాల్లో. ఇక్కడే ఉండిపోయిన మా తాతలాంటి వాళ్లు ఆ ‘మన’లో ఇంకా ఉన్నారో లేదో మాత్రం ఎవరూ చెప్పి వెళ్లలేదు.

మాంబళం మాస్టారు:
అయ్యా, నినాదాన్ని సర్వనామంతో తూచకండి. గొడవ హార్బరు మీద, హైకోర్టు మీద, యూనివర్సిటీ మీద, పన్నుల రాబడి మీద. ‘మాదే’ అని అరిచినా జరిగేది అదే. పైగా ‘మదరాసు మనదే’లో రెండు ‘మ’లు ఉన్నాయి, అరవడానికి నోటికి వాటంగా ఉంది. జనం అంతకంటే ఆలోచించరు. పానగల్ పార్కులో రోజూ వాకింగ్ చేసేవాళ్లలో ఆ పానగల్ రాజా తెలుగువాడని ఎంతమందికి తెలుసు? పార్కు ఎవరిదని ఎవరైనా కొట్టుకుంటున్నారా?

బెంగళూరు కోడలు:
మా పాప పుట్టింది ఇక్కడే. వాళ్ల నాన్నతోనే “నాన్నా, మా ఇంటికి ఎప్పుడు పోదాం?” అంటుంది. ఆయనకి మొదట్లో చిర్రెత్తేది, “మరి నేనెవర్నే?” అని. ఇప్పటి కన్నడలో రెండిటికీ ‘నమ్మ’ ఒక్కటే, అందుకే దానికి ఆ తేడా పట్టుబడలేదు. నాకైతే ‘నమ్మ మెట్రో’ ఎక్కేటప్పుడు ఆ ‘నమ్మ’లో నేనున్నానా లేదా అని టెన్షన్ ఉండదు. ఎలా అనుకుంటే అలా!

మొదట రాసినవారు:
మాస్టారూ, హార్బరు, పన్నుల సంగతి నిజమే. కాదనను. కానీ ఎన్నికలప్పుడు మా చుట్టాల వాట్సాప్ గ్రూపు చూస్తే గుబులుగా ఉంటుంది. అభ్యర్థి పేరు రాగానే మొదటి ప్రశ్న “మనోడేనా?” తెలుగువాడేనా అని కాదండీ, ఏ ఊరివాడు అని కూడా కాదు. అసలు అర్థం అందరికీ తెలుసు. వినేవాణ్ణి కలుపుకోవడానికి పుట్టిన మాట, 1952లో ఒక భాషకు కుదించుకుంది, ఇప్పుడు ఒక కులానికి. 2014కి ముందు హైదరాబాదు గురించి ‘మన’, ‘మా’ ఎవరెవరు ఎలా వాడారో గుర్తుచేసుకోండి. అక్కడ రెండు వైపులా తెలుగే.

రాయపేట వాసి:
2015 డిసెంబరు వరదల్లో మాది గ్రౌండ్ ఫ్లోర్, మోకాలి లోతు నీళ్లు. పై అంతస్తు పాటి (తమిళ బామ్మ) మెట్ల మీద నిలబడి “నమ్మ వీడు దాన్, వాంగ” అంది, మన ఇల్లే, రండి అని. ఆవిడ ‘ఎంగ వీడు’ అని కూడా అనొచ్చు, తప్పు కాదు. నాలుగు రోజులు వాళ్లింట్లోనే సాంబారు తిన్నాం. ఈ పోస్టు చదివేదాకా ఆ ‘నమ్మ’ గురించి ఆలోచించనే లేదు.

మొదట రాసినవారు:
ఒక్క మాట. ఆ ఊరేగింపులు కళ్లారా చూసిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే అడిగి రాయండి. తమిళుల వీధిలోంచి వెళ్లేటప్పుడు కూడా ‘మనదే’ అనే అన్నారా, ‘మాదే’ అన్నారా? మా తాతను అడిగే రోజుల్లో నాకీ ప్రశ్న తట్టలేదు.