నలభై అయిదుకే విరమణ కోసం ఈ నాలుగేళ్లు అమ్మానాన్నలకు దూరంగా ఉండాలా?

రాయగడ రైలుబండి

ఒడిశా సరిహద్దు తెలుగువాళ్లకు నా ఇబ్బంది విడమరచి చెప్పనక్కరలేదని ఇక్కడ అడుగుతున్నాను. నాకు 41 ఏళ్లు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. భార్య, ఆరో తరగతి చదువుతున్న కూతురు నాతో ఉంటారు. అమ్మానాన్నలు రాయగడలో, సొంత ఇంట్లో. నాన్నకు 73, అమ్మకు 68. నాన్న మిల్లులో పనిచేసి విరమించారు. ఆ పెన్షను మందులకు కూడా చాలదు.

రాయగడకు పంపేది కలుపుకొని మా ఖర్చు ఏడాదికి 6 లక్షలు. జీతంలో మూడింట రెండు వంతులు దాస్తున్నాం. పీఎఫ్, మ్యూచువల్ ఫండ్లు కలిపి ఇప్పటికి 90 లక్షలు. ఇలాగే సాగితే 45 నాటికి రెండు కోట్ల దగ్గరకు వస్తాను. అప్పుడు ఉద్యోగం మానేసి రాయగడ చేరాలని ఆలోచన. అయితే ఈ వేగం నిలవాలంటే రాత్రి పని, సెలవుల్లేని నెలలు తప్పవు. సంక్రాంతికి, చైత్రంలో మజ్జిగౌరమ్మ జాతరకు తప్ప ఇంటికి పోలేకపోతున్నాను. మొన్న అమ్మ కంటి ఆపరేషనుకు పక్కింటివాళ్లు తోడు వెళ్లారు.

ఇప్పుడు విశాఖలో ఒక చిన్న సంస్థ సగం జీతానికి రమ్మంటోంది. వారాంతాల్లో రాయగడ వెళ్లి రావచ్చు. ఒప్పుకుంటే మాత్రం నలభై అయిదుకు విరమణ అనే మాట మరచిపోవాలి. మీరైతే ఏమి చేస్తారు?

లెక్కల మేష్టారు, జయపురం

ఓర్చుకోండి. ఏడాది ఖర్చుకు పాతిక రెట్లు కూడబెడితే చాలని అందరూ చెప్పే సూత్రం అమెరికాలో విలియం బెంగెన్ అనే ఆర్థిక సలహాదారు 1994లో వేసిన లెక్కలోంచి వచ్చింది. మొదటి ఏడాది సొమ్ములో 4 శాతం, అంటే పాతికో వంతు, తర్వాత ధరలు పెరిగినంత మేర పెంచుకుంటూ తీసుకుంటే ఆ సొమ్ము 30 ఏళ్లు నిలుస్తుందా అని అక్కడి షేర్లు, బాండ్ల చరిత్రను పట్టుకొని ఆయన చూశారు. 45కే మానేసేవాడికి నలభై ఏళ్లకు పైగా కావాలి. మన దగ్గర ధరలు ఇంకా వేగంగా పెరుగుతాయి. కాబట్టి మీ 6 లక్షలకు పాతిక రెట్లయిన కోటిన్నర చాలదు, రెండు కోట్లు అనుకోవడం సరైన పనే.

ఇంకొకటి. రేపు నాన్నగారిని ఐసీయూలో చేర్చవలసి వస్తే, సగం జీతం ఉన్న కొడుక్కి పక్కన కూర్చోవడానికి సమయం ఉంటుంది, బిల్లు కట్టడానికి డబ్బు ఉండదు. ఆసుపత్రి కౌంటరులో ప్రేమను జమ చేసుకోరు.

పర్లాకిమిడి కోడలు

మేష్టారూ, 41 ఏళ్ల మనిషికి నాలుగేళ్లు, 73 ఏళ్ల మనిషికి నాలుగేళ్లు ఒకటేనా? మీ పట్టికలో రెండింటికీ ఒకే గడి ఉన్నట్టుంది.

రైలుబండి తమ్ముడూ, నిన్ను కూడా ఒకటి అడగాలి. ఉద్యోగం మానేసి రాయగడ వెళ్లి అమ్మానాన్నలను చూసుకుంటానంటున్నావు. చూసుకోవడం అంటే ఏమిటో రాయి. వేళకు మందులు, ఉప్పు తగ్గించిన వంట, రాత్రి రెండింటికి లేచి మామగారిని స్నానాలగదికి నడిపించడం, మాసిన పక్కబట్టలు ఉతకడం. మా వారు గల్ఫులో వెల్డింగు పనికి వెళ్లిన ఏళ్లలో ఇవన్నీ నేనే చేశాను. ఆయన తిరిగి వచ్చాక కూడా నేనే చేశాను. వచ్చినవాళ్లందరూ ‘కొడుకు వచ్చాడు, ఇక బెంగ లేదు’ అని ఆయనను మెచ్చుకొని కాఫీ తాగి వెళ్లారు. మీ పోస్టులో జీతం ఉంది, ఫండ్లు ఉన్నాయి, జాతర కూడా ఉంది. మీ ఆవిడ మాట ఒక్కటి లేదు. ఆ అమ్మాయిని అడిగారా?

గుణుపురం గురువు

మీరు 45కి చేయాలనుకుంటున్న పని నేను చేసి కూర్చున్నాను, కాబట్టి ఉన్నది చెబుతాను. 46కి బెంగళూరు వదిలి గుణుపురం వచ్చాను. మొదటి నెల పండగలా గడిచింది. ఆ తర్వాత మా నాన్నగారే ‘నీ సెలవు ఎప్పటితో అయిపోతుంది?’ అన్నారు. ఆయనకు పొద్దున బజారు, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం అరుగు మీద స్నేహితులు. ఆ రోజులో నాకు చోటెక్కడ? ఊళ్లో మాత్రం ఉద్యోగం పోయిందని చెప్పుకున్నారు. మా అమ్మాయికి సంబంధం చూడడానికి వచ్చినవాళ్లు తండ్రి ఏమి చేస్తారని అడిగితే, ఇంట్లో అందరూ ఒకేసారి మంచినీళ్లు తేవడానికి లేచారు. ఇప్పుడు పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. డబ్బు తక్కువే గానీ అడిగినవాళ్లకు చెప్పడానికి ఒక జవాబు దొరికింది.

రావడం వృథా అనడం లేదు. తహసీలు కార్యాలయంలో భూమి కాగితాల పని పడినప్పుడు, విశాఖలో డాక్టరు చెప్పింది విని అర్థం చేసుకోవలసి వచ్చినప్పుడు పక్కన ఉన్నాను. ఆ రోజులు లెక్కపెడితే ఏడాదిలో కొన్నే. వాటి కోసం రోజంతా ఖాళీగా ఉండక్కరలేదు, కబురు అందిన పూటే బయలుదేరగల ఉద్యోగం ఉంటే సరిపోతుంది.

బరంపురం పట్టు

బ్యాంకులో పనిచేశాను, అందుకని మేష్టారి లెక్కను కొంచెం తిప్పి వేస్తాను. రైలుబండి గారు ఈ 90 లక్షలను 60 ఏళ్ల దాకా తాకకుండా వదిలేశారనుకోండి. ధరల పెరుగుదల పోను ఏడాదికి 3 శాతం మిగిలినా, 19 ఏళ్లకు అది నేటి విలువలో దాదాపు 1 కోటి 58 లక్షలు. 4 శాతం అయితే 1 కోటి 90 లక్షలు. నేటి ఖర్చుకు పాతిక రెట్లు దాటింది. 60లో మానేసేవారికి బెంగెన్ గారి 30 ఏళ్లు కూడా సరిపోతాయి. అంటే వృద్ధాప్యానికి కావలసింది ఈయన దాదాపుగా దాచేశారు. ఇకపై ఏ ఏడాది ఖర్చు ఆ ఏడాది సంపాదిస్తే చాలు. ఇప్పుడు ఖర్చు జీతంలో మూడో వంతే కాబట్టి సగం జీతంలోనూ ఏడాదికి 3 లక్షలు మిగులుతాయి.

45కే మానేస్తే వచ్చే చిక్కు వేరే ఉంది. సంస్థ ఇచ్చే ఆరోగ్య బీమా ఆ రోజుతో పోతుంది. పోస్టాఫీసు సీనియర్ సిటిజెన్ పథకం దరిదాపుల్లో ఉండదు. పీఎఫ్ పెన్షను 58కి. 50 నుంచి తీసుకోవచ్చు గానీ ముందుకు జరిగిన ప్రతి ఏడాదికీ 4 శాతం కోత. అసలు జీతం ఎంతున్నా నెలకు 15,000 జీతం మీదే లెక్క కడతారు కాబట్టి పదిహేడు, పద్దెనిమిదేళ్ల సర్వీసుకు అది నెలకు నాలుగు వేలు దాటదు.

ఐసీయూ భయానికి ఒక మాట. 70 దాటినవారికి ఆదాయంతో పనిలేకుండా ఏటా 5 లక్షల వరకు చికిత్స ఇచ్చే ఆయుష్మాన్ కార్డు 2024 చివర వచ్చింది. ఒడిశా 2025లో ఆ పథకంలో చేరింది. జాబితాలో ఉన్న ఆసుపత్రి అయితే రాష్ట్రం దాటినా చెల్లుతుంది. నాన్నగారికి వెంటనే తీసుకోండి. అమ్మగారికి ఇంకా రెండేళ్లు ఆగాలి.

లెక్కల మేష్టారు, జయపురం

ధరలు పోను 3, 4 శాతం ఎవరు రాసిచ్చారు? డబ్బంతా ఫిక్స్‌డ్ డిపాజిట్లో ఉంటే పన్ను పోయాక ఒక్క శాతం మిగలడమే గొప్ప. 19 ఏళ్లు తాకకుండా ఉంచుతామని అందరూ అంటారు, తమ్ముడికి స్థలం కొనేటప్పుడు తాకుతారు. అమ్మాయి ఇంజినీరింగో మెడిసినో ఎవరి లెక్కలోనూ కనిపించలేదు.

బరంపురం పట్టు

డిపాజిట్ల విషయంలో ఒప్పుకుంటాను. సగానికి తగ్గకుండా షేర్ల ఫండ్లలో లేకపోతే నా లెక్క నిలవదు. చదువుకు ఆ ఏటా 3 లక్షలు విడిగా పెట్టుకోవాలి. మెడిసిన్‌కు చాలవు, అది మాత్రం నిజం. అయితే మీ రెండు కోట్ల లెక్కలోనూ మెడిసిన్ లేదు మేష్టారూ.

రాయగడ రైలుబండి

అందరికీ నమస్కారం. పర్లాకిమిడి అక్కయ్యా, మీరు అడిగాక మా ఆవిడకు ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. 45కి రాయగడ అనేది తాను ఎన్నడూ ఒప్పుకోలేదనీ, నేనే ఒప్పుకుందని అనుకున్నాననీ అంది. అమ్మాయి తొమ్మిదో, పదో తరగతిలో ఉండగా కొత్తగా ఒడియా నేర్పించే బడికి మార్చడం కుదరదట. విశాఖకైతే ఇప్పుడే వస్తానంది. అమ్మానాన్నలు ఎండాకాలం మా దగ్గర, మిగతా కాలం రాయగడలో ఉండేలా చూడమంది. నాన్న మాత్రం, జీతం సగం అయితే ఊళ్లో ఏమని చెప్పుకోవాలని అడిగారు. గురువుగారి జవాబు అరువు తీసుకోవలసి వస్తుందేమో.

ఆ సంస్థను జీతంలో మూడింట రెండు వంతులు అడుగుదామనుకుంటున్నాను. అడగవచ్చా?

పర్లాకిమిడి కోడలు

జీతం సంగతి తర్వాత. కబురు వస్తే అదే పూట బయలుదేరవచ్చని, మిగతా పని రాయగడ నుంచి చేయవచ్చని కాగితం మీద రాయించుకో. నోటిమాట నమ్మవద్దు.

లెక్కల మేష్టారు, జయపురం

రెండూ అడగండి. కొత్త ఉద్యోగం కాగితం చేతికి వచ్చే వరకు హైదరాబాదులో రాజీనామా ఇవ్వవద్దు. నా అభిప్రాయం మారలేదు.