కొత్తగా అల్లిక నేర్చుకునేవాళ్ళకి మొదట మఫ్లరే ఎందుకు?

ఊలుఉండ (హైదరాబాద్):
మా అపార్ట్‌మెంట్‌లో ఆదివారాలు నిట్టింగ్ నేర్పిస్తున్నానండీ. ఎవర్ని అడిగినా ఒకటే మాట, ముందు మఫ్లర్ మొదలుపెట్టించు, చెయ్యి తిరుగుతుంది అని. నాకిది అస్సలు నచ్చట్లేదు. లెక్క చూడండి, 15 సెంటీమీటర్ల వెడల్పు, ఐదడుగుల పొడవు, 4 ఎం.ఎం. సూదులు, మామూలు డీకే (మధ్యరకం మందం) ఊలు అనుకుంటే వరసకి 33 కుట్లు, వరసలు దాదాపు 600, అంటే ఇరవై వేల కుట్లు, అన్నీ నిట్టే (సాదా కుట్టు), ఒక్క పర్ల్ (దాన్నే తిరగేసి వేసే కుట్టు) కూడా ఉండదు. అందులో నేర్చుకోవాల్సింది మొదటి రెండు మూడు వేలలోనే అయిపోతుంది, మిగతాదంతా ఓపికకి పరీక్ష. సగం మఫ్లర్లు సంచిలోనే ఉండిపోతున్నాయి, దాంతోపాటు ఆ మనిషి అల్లడం కూడా ఆగిపోతోంది.

నేననేది, ఒక్కో ముక్కకి ఒక్క కొత్త పని చాలు. ముందు అరచేతంత చదరం. తర్వాత మూల నుంచి మొదలయ్యే గుడ్డ, నాలుగు కుట్లతో మొదలెట్టి వరసకొకటి పెంచుకుంటూ పోయి మళ్ళీ తగ్గించుకుంటూ రావాలి, పెంచడం తగ్గించడం రెండూ అందులోనే వచ్చేస్తాయి. ఆ తర్వాత రిబ్‌తో, అంటే నిట్ పర్ల్ మార్చి మార్చి వేసే నిలువు చారల అల్లికతో, చెవులు కప్పే పట్టీ. అప్పుడు టోపీ. మీరేమంటారు?

రైల్వేకాలనీపిన్ని (విజయవాడ):
అమ్మాయ్, నేను నాగపూర్ రైల్వే క్వార్టర్స్‌లో నేర్చుకున్నా, చలికాలం మధ్యాహ్నాలు ఎండలో మంచాలేసుకుని పక్కింటి ఆవిడ నేర్పించింది, నిట్‌ని సీదా, పర్ల్‌ని ఉల్టా అనేదావిడ. మొదట ఇచ్చింది మఫ్లరే. దారం ఎంత బిగించాలి ఎంత వదలాలి అనేది ఒకళ్ళు చెప్తే వచ్చేది కాదమ్మా, పొడుగ్గా అల్లుకుంటూ పోతే చెయ్యే సర్దుకుంటుంది. నువ్వు చెప్పే చిన్న ముక్కలతో ఇంకో ఇబ్బంది ఏంటంటే ప్రతిసారీ సూది మీదికి కుట్లు ఎక్కించడం, ప్రతిసారీ చివర ఊడకుండా మూయడం, కొత్తవాళ్ళకి అన్నిటికంటే కష్టం ఆ రెండే కదా, చేతిలో లయ కుదిరేలోపే ముక్క అయిపోతుంది.

ఎడిసన్‌అమ్మ (న్యూజెర్సీ):
నాకు రెండూ కరెక్ట్ అనిపించట్లేదు, సారీ. మనిషికి ఏది అల్లాలని ఉందో అదే ఇవ్వాలి. నేను మా పాప కోసం టోపీ అల్లాలని సూదులు కొన్నా, ఎవరైనా చదరం గుడ్డ అల్లు అనుంటే ఆ రోజే మానేసేదాన్ని. ఇంకోటి, నేర్పేవాళ్ళు దయచేసి సూది నంబర్ చెప్పకండి, ఎం.ఎం. చెప్పండి. ఇండియా నుంచి మా అత్తగారు తెచ్చిన పోనీ కంపెనీ సూదులు 8 నంబర్ అంటే 4 ఎం.ఎం., ఇక్కడి ప్యాటర్న్‌లో 8 అంటే 5 ఎం.ఎం. టోపీ సైజే మారిపోతుంది.

చలిగూడెం (ఆదిలాబాద్):
మఫ్లర్ ఎందుకు అంటరేంది అక్కా, డిసెంబర్‌ల మా దిక్కు పొద్దుగాల బయటికి పోవాలంటే అదే కావాలె. అల్లినది వాడుకుంటేనే కదా ఇంకోటి అల్లబుద్ధయ్యేది. చదరం గుడ్డలు ఏం చేస్కోవాలె?

ఊలుఉండ:
పిన్నిగారూ, చెయ్యి సర్దుకుంటుందన్నది నిజమే, కాదనను. కానీ మఫ్లర్ వెడల్పు తనంతట తనే పెరిగిపోవడం మీరూ చూసే ఉంటారు. వరస చివరికొచ్చి సూది తిప్పినప్పుడు దారం సూది మీదుగా వెనక్కి పోతుంది, ఆ లాగుడుకి మొదటి కుట్టు పైకి లేచి దాని రెండు కాళ్ళూ రెండు కుట్లలా కనిపిస్తాయి, కొత్తమ్మాయి రెండిట్లోనూ అల్లేస్తుంది. 33 కాస్తా 34, పది వరసలయ్యాక 37. నా దగ్గరికొచ్చిన ఒక మఫ్లర్ కింద జానెడుంది, పైన మూరెడుంది. తను మాత్రం బాగానే వస్తోందనుకుంది, ఎందుకంటే పెద్ద దాంట్లో తప్పు వెంటనే కనపడదు. అదే చిన్న చదరంలో అయితే పదో వరసకే పక్కలు వంకరపోతాయి, అప్పుడే పట్టుకోవచ్చు, విప్పినా ప్రాణం ఉసూరుమనదు.

లేసుపువ్వు (నర్సాపురం):
మా వైపు క్రోషే లేసులో పిల్లలకి మొదట గొలుసు, తర్వాత చిన్న పువ్వు నేర్పిస్తారు. దుప్పటి ఎవరూ ఇవ్వరు, పువ్వులన్నీ కలిపితే అదే పెద్దదవుతుంది. కాకపోతే కొక్కెం మీద ఉండేది ఒక్క ముడే, జారినా పెద్ద నష్టం లేదు, సూదుల మీద ముప్ఫై ఉంటాయి, కాబట్టి రెండూ ఒకటే అని నేననట్లేదు. చలిగూడెం గారూ, చదరాలు కూడా కలిపి కుట్టుకుంటే పాపాయి దుప్పటి అవుతుంది.

రైల్వేకాలనీపిన్ని:
సరే అయితే ఒక మధ్య దారి. మఫ్లరే ఇవ్వు, కానీ జానెడు గార్టర్ (అన్ని వరసలూ నిట్టే), జానెడు రిబ్, జానెడు మాస్ (నిట్, పర్ల్ గళ్ళలా మారే అల్లిక), అలా మార్చుకుంటూ పో. పొడుగూ ఉంటుంది, కొత్తదీ ఉంటుంది.

ఊలుఉండ:
అది ఇచ్చి చూశాను పిన్నిగారూ. రిబ్ వచ్చినచోట ముడుచుకుని సన్నబడుతుంది, అది దాని గుణమే, కానీ కొత్తవాళ్ళు తమ తప్పేమో అని కంగారుపడి విప్పేస్తారు. రిబ్ విడిగా నేర్పాలనే నేనంటున్నా, ఎందుకంటే కుట్టుని చూసి గుర్తుపట్టడం అక్కడే వస్తుంది. V లాగా కనిపిస్తే నిట్, ముడిలా ఉబ్బితే పర్ల్. అది కంటికి తెలిసిన రోజు నుంచి వేళ్ళ మీద లెక్కపెట్టుకోవడం, పేపర్ చూసుకోవడం ఉండదు, తప్పు జరిగితే ఎక్కడ జరిగిందో వాళ్ళే చూసుకుంటారు. ఇరవై వేల నిట్ కుట్లు అల్లినా ఈ చూపు రాదు, నా పట్టుదలంతా దీని గురించే. అందుకే ఊలు కూడా లేత రంగు, నున్నటిది కొనమంటా, నలుపులో కుట్టే కనపడదు, నూగు ఊలు విప్పబోతే చిక్కుపడిపోతుంది.

ఎడిసన్‌అమ్మ:
ఇది ఒప్పుకుంటా. కానీ గార్టర్‌ని అంత తక్కువ చేయకండి. ఇక్కడ పేరున్న అల్లిక డిజైనర్ ఎలిజబెత్ జిమ్మర్మన్ 1968లో చేసిన బేబీ సర్‌ప్రైజ్ జాకెట్ మొత్తం గార్టరే, పెంచడం తగ్గించడం మీదే నడుస్తుంది, ఒకే ముక్కగా అల్లి మడిచి భుజాల దగ్గర కుడితే చొక్కా అయిపోతుంది. కుట్టు ఒకటే అయినా నేర్చుకునేది చాలా ఉంది. అంటే తప్పు గార్టర్‌ది కాదు, మఫ్లర్ పొడవుది.

ఊలుఉండ:
అవును, అది న్యాయమైన మాట. రెండో నెల వాళ్ళకి దాన్నే పెట్టొచ్చు.

చలిగూడెం:
అక్కా మరి టోపీకి గుండ్రటి సూదులు లేవు నా దగ్గర, రెండు పొడుగు సూదులే ఉన్నయ్. రిబ్ వచ్చు. మా అన్న కొడుక్కి, రెండేండ్లోడు.

ఊలుఉండ:
అవి చాలు తమ్ముడూ. కాస్త లావు ఊలు, 5 ఎం.ఎం. సూదులు అయితే 82 కుట్లు ఎక్కించు, అటొకటి ఇటొకటి అతుకులోకి పోతాయి. నాలుగు వేళ్ళ ఎత్తు రిబ్, ఆపైన ఒక వరస నిట్ ఒక వరస పర్ల్, మొత్తం 12-13 సెంటీమీటర్ల దాకా. అక్కడ్నుంచి 8 నిట్ చేసి 2 కుట్లు కలిపి ఒకటిగా అల్లడం, వరసంతా అలాగే, తర్వాత ఒక పర్ల్ వరస, మళ్ళీ 7 నిట్ చేసి 2 కలపడం, అలా తగ్గించుకుంటూ పోయి పది పన్నెండు మిగిలాక దారం తెంపి అన్నిట్లోంచీ లాగి బిగించెయ్. అదే దారంతో వెనకాల అతుకు కుట్టేయొచ్చు, తెంపేటప్పుడు రెండు మూరలు వదులు.