ధనుర్మాసంలో కుదిరినది మామూలు రోజుల్లో ఎందుకు కుదరదు?

పొద్దుపొడుపు:
ధనుర్మాసం అంతా తెల్లవారుజామున లేచి, రోజుకొక పాశురం చొప్పున తిరుప్పావై ముప్పయ్యీ చదివాను. ఒక్కోటి ఎనిమిది పాదాలే. అర్థం చూసుకున్నా పావుగంట. ఆ నెలంతా మనసు తేలికగా ఉంది. భోగి నాడు గోదా కల్యాణం అయింది, సంక్రాంతి చుట్టాలు వెళ్ళారు, వాళ్ళతో పాటే నా అలవాటూ వెళ్ళింది. ఇప్పుడు కళ్ళు తెరిస్తే చేతిలో ఫోనే. పండుగ అండ లేకుండా ఎవరైనా నిలబెట్టుకున్నారా?

రెండోషిఫ్టు:
నాది విపశ్యన ధ్యానం కథ. హైదరాబాదులో నాగార్జునసాగర్ రోడ్డు మీది ధమ్మఖేత్త ధ్యాన కేంద్రంలో పది రోజుల శిబిరం చేశాను. ఫోను ముందే అప్పగించాలి, తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు, మాటలుండవు. రుసుము లేదు, పాత సాధకుల విరాళాలతోనే నడుస్తుంది. ఇంటికి వచ్చాక పొద్దున గంట, సాయంత్రం గంట కూర్చోమన్నారు. మూడు వారాలు కూర్చున్నాను. తర్వాత గంట కుదరడం లేదని అరగంట కూడా మానేశాను. అదీ నేను చేసిన తప్పు. ఇప్పుడు ఆఫీసు బస్సులో ఇరవై నిమిషాలు కళ్ళు మూసుకుని శ్వాసను గమనిస్తున్నాను. శిబిరం లెక్కకు చాలదు, అయినా ఏడాదిగా తెగలేదు.

గడపముగ్గు:
ఒకటి అడుగుతాను, కోపగించుకోకండి. మీరు కళ్ళు మూసుకున్నప్పుడు పొయ్యి మీద పాలు ఎవరు చూస్తున్నారు? మా ఇంట్లో ఆయన సంధ్యావందనం చేస్తుంటే అందరం మెల్లగా నడవాలి. నేను దీపం వెలిగించి రెండు శ్లోకాలు అనుకునేలోపు కుక్కరు మూడు విజిళ్ళు వేసేస్తుంది. పోయిన కార్తికంలో గట్టిగా చెప్పేశాను: సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర దాకా పిల్లల హోంవర్కు, వంటిల్లు, వీధి తలుపు అన్నీ మీవే అని. మొదట్లో "ఉప్పు డబ్బా ఎక్కడ?" అంటూ తులసికోట దాకా వచ్చేవారు. జవాబివ్వడం మానేశాక వెతుక్కోవడం వచ్చింది. ఆ అరగంటలో కొన్ని రోజులు ఏమీ చదవను. ఊరికే కూర్చుంటాను.

కృష్ణాతీరం:
మాది విజయవాడ. చిన్నప్పుడు రాత్రి కుటుంబ ప్రార్థన అయ్యాకే కంచాలు పెట్టేవారు కాబట్టి ఎగ్గొట్టే దారే లేదు! ఇప్పుడు నర్సును, డ్యూటీ వేళలు వారం వారం మారతాయి. గడియారాన్ని నమ్ముకుంటే లాభం లేదు. అందుకని డ్యూటీ దిగి, స్కూటరు తాళం తిప్పేముందు బైబిల్లోని 23వ కీర్తన చెప్పుకుంటాను. ఆరు వచనాలే, నోటికి వచ్చు. రాత్రి రెండయినా సరే.

పొద్దుపొడుపు:
గడపముగ్గు గారూ, పాల మాట తగిలింది. ఆ నెల రోజులూ ప్రసాదానికి కట్టెపొంగలి చేసింది అమ్మ. నాకంటే ముందే లేచేది. ఒక్క పాశురమైనా ప్రశాంతంగా వినగలిగిందో లేదో నేను అడగనే లేదు. రేపటి నుంచి పాలు నేను కాస్తాను.

గడపముగ్గు:
మంచిది. కాగేదాకా అక్కడే నిలబడండి, పాశురం అక్కడే చదువుకోవచ్చు. ఫోను తీశారో, పొంగిపోతాయి.