నూడుల్స్‌కి వింటర్ గోధుమ: ఎఫ్3 వరసల్లో ముందు ఏ పరీక్ష చేయాలి?

తెల్లగింజ:
నెబ్రాస్కా చలికి తట్టుకునే హార్డ్ వైట్ (గట్టి తెల్ల గింజ) వింటర్ గోధుమలో ఉడాన్‌కి (జపాన్ వాళ్ల మందపాటి తెల్ల నూడుల్స్) పనికొచ్చే లైన్లు ఏరాలి. క్రాస్: స్థానిక ఎర్ర గింజ రకం × ఆంటన్ (పిండి తక్కువగా నల్లబడే తెల్ల గింజ రకం). ఎఫ్3లో (క్రాస్ తర్వాత మూడో తరం) 240 వరసలు ఉన్నాయి, వరసకి 50 గ్రాములకు మించి గింజ లేదు. ఓ 30 వరసల గింజ హ్యామర్ మిల్లులో ఆడించి, 2% ఉప్పుతో షీట్లు చేస్తే మర్నాటికి అన్నీ బూడిద రంగుకి తిరిగాయి. మంచి లైనేదో చెడ్డ లైనేదో తెలియడం లేదు. పరీక్షలు ఏ వరసలో చేస్తే గింజ వృథా కాకుండా ఉంటుంది?

మైదామర:
హ్యామర్ మిల్లులో ఆడించారంటే మీరు చేసింది ఆటా షీటు. పిండిని నల్లబరిచే పీపీఓ ఎంజైము (పాలీఫినాల్ ఆక్సిడేజ్) చాలావరకు తవుడు పొరల్లోనే ఉంటుంది. తవుడంతా కలిపేస్తే తక్కువ పీపీఓ లైను కూడా మసకగానే కనిపిస్తుంది. ఈ దశలో షీట్ల జోలికే పోవద్దు. సుమారు 60% మైదా తీసి షీటు చేయడానికి చాలినంత గింజ ఎఫ్5, ఎఫ్6 ప్లాట్లలోగానీ రాదు.

ఇప్పుడు చేయాల్సింది ఎల్-డోపా పరీక్ష. ఎల్-డోపా అంటే పీపీఓ తగిలితే నల్లబడే రసాయనం. 2 మి.లీ. ట్యూబులో 5 గింజలు, వాటి మీద 1.5 మి.లీ. ద్రావణం: 50 మిల్లీమోలార్ మోప్స్ బఫరులో 10 మిల్లీమోలార్ ఎల్-డోపా, పీహెచ్ 6.5. గంటసేపు తిప్పుతూ ఉంచి, ద్రావణాన్ని స్పెక్ట్రోఫోటోమీటరులో (రంగు గాఢత కొలిచే పరికరం) 475 నానోమీటర్ల దగ్గర చదవాలి. ద్రావణం ఏ రోజుది ఆ రోజే కలపండి. నిలవుంటే దానంతటదే నల్లబడుతుంది, మీరు గింజని అనుమానిస్తారు. ప్రతి ర్యాకులో గింజ లేని ట్యూబు ఒకటి, ఆంటన్ ఒకటి, నల్లబడుతుందని ముందే తెలిసిన రకం ఒకటి పెట్టాలి. విరిగిన గింజ, మొలకెత్తిన గింజ వేయకండి. పరీక్ష అయ్యాక గింజలు కడిగి ఆరబెడితే మళ్లీ నాటుకోవచ్చు, 50 గ్రాముల్లో నష్టమేమీ ఉండదు.

దీనికంటే ముందు గింజ రంగు చూసుకోండి. ఎర్ర తల్లిలో గింజకి ఎరుపునిచ్చే ఆర్ జన్యువులు ఎన్నున్నాయన్నదే లెక్క: ఒకటైతే ఎఫ్2లో నాలుగింట ఒకటి, రెండైతే 16లో ఒకటి, మూడైతే 64లో ఒకటి మాత్రమే తెల్లది. గింజ పొర తల్లి మొక్కది కాబట్టి ఆ విడిపోవడం ఒక తరం ఆలస్యంగా కంటికి కనబడుతుంది. వానకి తడిసి వెలిసిన గింజని కంటితో నమ్మొద్దు. 5% సోడియం హైడ్రాక్సైడులో నానబెడితే తెల్లది గడ్డి పసుపుకీ, ఎర్రది ముదురు గోధుమ రంగుకీ తిరుగుతుంది.

గంజిపదును:
పైన చెప్పినదంతా ఒప్పుకుంటాను. కానీ అసలు చిక్కు లక్ష్యంలోనే ఉంది. ఉడాన్‌కి కావలసింది మెత్తని గింజ, 8–10% ప్రోటీన్, నోట్లో మెత్తగా ఉంటూనే సాగే తీరు. హొక్కైదోలో వేసే కితాహొనామి అలాంటి వింటర్ గోధుమే. మీ హార్డ్ గోధుమ పిండిలో ప్రోటీన్ 11% పైనే ఉంటుంది. దాంతో ఉడాన్ చేస్తే గట్టిగా వస్తుంది, రంగూ మందగిస్తుంది. క్షారం కలిపే రామెన్ రకం నూడుల్స్‌కైతే అదే ప్రోటీన్ సరిగ్గా సరిపోతుంది. ఉడాన్ ఊసు వదిలేసి అటు తిరగమని నా సలహా.

అప్పుడు పసుపు రంగు కూడా మీకు లాభమే. క్షారం తగలగానే పిండిలోని ఫ్లేవనాయిడ్లు పసుపెక్కుతాయి, దానికి తోడు గింజలో ఉండే పసుపు రంగు పదార్థం ల్యూటీన్. ఈ పసుపు పదార్థానికి సంబంధించిన సై-ఎ1 జన్యువుకి వైపీ7ఎ అనే డీఎన్ఏ మార్కర్ (జన్యువు ఏ రూపంలో ఉందో చూపే పరీక్ష) ఉంది: 194 బేస్ జతల పట్టీ వస్తే పసుపు ఎక్కువ, 231 వస్తే తక్కువ. పీపీఓకి పీపీఓ18 మార్కర్: 876 అయితే తక్కువ, 685 అయితే ఎక్కువ. అది 2ఎ క్రోమోజోము సంగతి మాత్రమే. 2డి మీది జన్యువుకి పీపీఓ16, పీపీఓ29 జోడీ విడిగా చూడాలి.

పిండిపదార్థం విషయంలో అందరూ వెతికేది వాక్సీ-బి1 (పిండిపదార్థంలో అమైలోజ్ అనే భాగాన్ని తయారుచేసే మూడు జన్యువుల్లో ఒకటి) లేని లైను. అమైలోజ్ కాస్త తగ్గి పిండి బాగా ఉబ్బుతుంది, నూడుల్ మెత్తబడుతుంది. ఇక్కడ మోసపోయే చోట్లు మూడున్నాయి. ఒకటి, ఆ జన్యువు మొత్తంగా ఎగిరిపోయిన రకం కాబట్టి ఉన్నదాన్నే పట్టే మార్కర్‌లో పట్టీ రాకపోవడమే జవాబు. డీఎన్ఏ పాడైనా పట్టీ రాదు. అందుకే అదే ట్యూబులో ఇంకో జన్యువుని కంట్రోల్‌గా నడపాలి. రెండు, అయోడిన్ పరీక్ష దీనికి పనికిరాదు. మూడు జన్యువులూ పోయిన పూర్తి వాక్సీ గింజ ఎర్రగోధుమ రంగుకి తిరుగుతుంది గానీ ఒక్క జన్యువే పోయినది మామూలు దానిలాగే నీలినలుపు చూపిస్తుంది. మూడు, కోతకి ముందు వాన తగిలి లోలోపల మొలకొస్తే ఆల్ఫా అమైలేజ్ ఎంజైము పిండిపదార్థాన్ని కోసేస్తుంది, ఆర్‌వీఏలో (పిండి జావ చిక్కదనం కొలిచే పరికరం) శిఖరం పడిపోతుంది. మంచి లైనుని చెత్తలో వేస్తారు. 3.5 గ్రా. పిండి, 25 మి.లీ. నీళ్ల పరీక్షలో నీళ్ల బదులు 1 మిల్లీమోలార్ సిల్వర్ నైట్రేట్ వాడితే ఎంజైము చచ్చిపోయి అసలు పిండిపదార్థం తేలుతుంది. తెల్ల గింజకి నిద్ర (మొలకెత్తకుండా ఆగే గుణం) తక్కువ, కాబట్టి ఈ బెడద ఎక్కువ.

ఎంత తగ్గిస్తే అంత మంచిదని మాత్రం అనుకోకండి. 1995లో జపాన్‌లో కాంతో 107, బాయ్ హువో అనే రెండు గోధుమ రకాల్ని కలిపి మూడు జన్యువులూ లేని వాక్సీ గోధుమ తెచ్చారు. దాని పిండి ఒక్కదానితో నూడుల్స్ చేస్తే జిగురుగా అతుక్కుంటాయి.

రబీపొలం:
మధ్యలో వస్తున్నా. మనం రబీలో వేసే గోధుమ కూడా వింటర్ గోధుమే కదా? ఈ లైన్లు మన దగ్గర వేసి చూడొచ్చా?

మైదామర:
కాదండీ. చలికాలంలో వేసినా మనది వసంత రకమే. వింటర్ రకానికి మొలక దశలో 4 డిగ్రీల దగ్గర 6–8 వారాల చలి పడాలి, లేకపోతే వెన్ను తీయకుండా గడ్డిలా గుబురు కడుతుంది. జపాన్‌కి ఉడాన్ గోధుమ పంపే పశ్చిమ ఆస్ట్రేలియా రకాలు కూడా వసంతానివే, ఈ మాట చాలామంది కలగాపులగం చేస్తారు.

తెల్లగింజ:
చాలా థాంక్స్. క్షారం నూడుల్స్ వైపే తిరుగుతాను. 40 వరసలకి ఎల్-డోపా చేశాను. కొన్నిటిలో ఐదు గింజల్లో రెండు నల్లగా, మూడు లేతగా ఉన్నాయి. ఆ వరస తీసేయాలా?

మైదామర:
తీసేయొద్దు. వరసంతా కలిపి నూర్చిన గింజ కదా, ఆ వరసలో మొక్కలు రెండు రకాలుగా విడిపోతున్నాయని అర్థం. వచ్చే కోతలో వెన్నులు విడివిడిగా తీసుకుని, వెన్నుకి 5 గింజలు చొప్పున చూడండి. ఐదూ లేతగా ఉన్నవే ముందుకి. ఇలాంటి వరసకి స్పెక్ట్రోఫోటోమీటరు అంకె వేయకండి, అది సగటు మాత్రమే చెబుతుంది.

తర్వాత ప్లాట్ల గింజ చాలినంత దొరికాక షీటు ఇలా: మైదా 100 గ్రా., నీళ్లు 33–34 మి.లీ., కాన్సుయ్ 1 గ్రా. (సోడియం కార్బొనేట్, పొటాషియం కార్బొనేట్ 9:1). కాన్సుయ్ నీళ్లలో ముందే కరిగించాలి, లేకపోతే పసుపు చుక్కలు పడతాయి. చపాతీ ముద్దలా రాకూడదు. పిడికిట్లో నొక్కితే ముద్దవ్వాలి, వేలితో తడితే రవ్వగా రాలాలి. అరగంట ఆగి, రోలర్ల మధ్య మడిచి మడిచి ఒత్తి 1.5 మి.మీ.కి దించండి. సంచిలో వేసి 25 డిగ్రీల దగ్గర ఉంచి, 0, 24 గంటలకి ఎల్* (షీటు ఎంత తెల్లగా ఉందో చెప్పే అంకె) కొలవండి. చూడాల్సింది తగ్గుదల ఒక్కటే కాదు, 24 గంటల విలువ కూడా. మొదట్నుంచీ మసకగా ఉన్న షీటుకి తగ్గడానికేమీ మిగలదు, లెక్కలో మంచిదిగా కనిపిస్తుంది.

గంజిపదును:
ఇంకొక్కటి. ఆ ఎర్ర తల్లి వంశంలో టామ్ 107 అనే రకం ఉందేమో చూసుకోండి. అందులో రై అనే మరో ధాన్యం నుంచి వచ్చిన 1ఏఎల్.1ఆర్‌ఎస్ అనే క్రోమోజోము ముక్క ఉంది. అలాంటి ముక్క ఉన్న లైన్లలో పిండి బలం తగ్గి జిగటగా రోలర్లకి అంటుకునే గుణం కనిపిస్తుంటుంది. మీరు నీళ్లు ఎక్కువయ్యాయనుకుని 33 నుంచి 31కి తగ్గిస్తూ కూర్చుంటారు.