‘తెలుస్తోంది’ అన్నప్పుడు తెలిసినది ఎంత?

ప్రశ్న: సభ్యులకు నమస్కారం. మాది చెన్నైలో పెరంబూరు. ఇంటికి తమిళ పత్రిక వస్తుంది, తెలుగు వార్తలు ఫోనులో చదువుతాను. ఉత్తర కొరియా అధినేత కిమ్ జోంగ్ ఉన్ గురించిన తెలుగు వార్తల్లో వాక్యాలు తరచుగా ‘తెలుస్తోంది’ అని ముగుస్తున్నాయి. ‘అట’ అనే పొట్టి మాట మనకు ఉండగా ఇది దేనికి? రెండూ ఒకటేనా? మాస్టారు వివరించగలరు.

జవాబు: ఒకటి కావండీ. ‘ఆయన మరణించారట’ అన్నవాడు ఆ మాటకు పూచీ పడడు. విన్నదానిని విన్నట్టు మనకు అప్పగిస్తాడు. ‘తెలుస్తోంది’, ‘తెలిసింది’ రెండూ ఒకే క్రియ. ‘మరణించారని తెలిసింది’ అంటే మరణం జరిగిపోయింది, కబురు మాత్రమే ఇప్పుడు చేరింది. ‘మరణించారట, కాని మరణించలేదు’ అనే వాక్యం పొసగుతుంది. ‘మరణించారని తెలిసింది, కాని మరణించలేదు’ అనేది పొసగదు. పత్రికా భాష ‘అట’ను నోటిమాటగా, కాస్త ఎకసెక్కం ధ్వనించే మాటగా ఎంచి దూరం పెట్టింది. తమిళంలోనూ వీధిలో ‘వందారామ్’ (వచ్చారట) అనేవారు పత్రికకు వచ్చేసరికి ‘కూరప్పడుగిరదు’ అని రాస్తారు. అది ‘చెబుతున్నారు’ అన్నచోట ఆగుతుంది. వారూ ‘తెరిగిరదు’ (తెలుస్తోంది) వాడుతూనే ఉంటారు కనుక మరీ మెచ్చుకోనక్కరలేదు.

కిమ్ విషయంలో ఈ తేడా చిన్నది కాదు. 2013 డిసెంబరులో ఆయన మేనత్త భర్త జాంగ్ సాంగ్ థేక్‌కు మరణశిక్ష అమలు చేసినట్లు ఆ దేశ ప్రభుత్వ వార్తాసంస్థే ప్రకటించింది. (ఇంగ్లీషు ‘అంకుల్’ను చూసి బాబాయి అనుకోకండి, మన వరుసలో ఆయన మామయ్య.) జాంగ్‌ను ఆకలిగొన్న 120 కుక్కలకు వేశారన్న కథ మాత్రం చైనా సామాజిక మాధ్యమంలో ఒక వ్యంగ్య రచయిత రాసినది. దానిని హాంకాంగ్ పత్రిక వెన్ వెయ్ పో ఎత్తి రాసింది. డిసెంబరు 24న సింగపూర్‌లోని స్ట్రెయిట్స్ టైమ్స్ ఆ పత్రికను ఉటంకించింది. 2014 జనవరి మొదటి వారానికి అది ప్రపంచమంతటా వెబ్‌సైట్లకెక్కింది. మజిలీ మారేకొద్దీ ‘ఎవరు రాశారు’ అన్నది వెనకబడింది, కుక్కలు మాత్రం మిగిలాయి.

2020 ఏప్రిల్ 15న తాత కిమ్ ఇల్ సంగ్ జయంతి కార్యక్రమాల్లో కిమ్ కనిపించలేదు. శస్త్రచికిత్స తరువాత ఆయన ప్రాణాపాయంలో ఉన్నారనిపించే సమాచారాన్ని అమెరికా పరిశీలిస్తోందని సీఎన్ఎన్ రాసింది. అందులో అమెరికా చేస్తున్న పని పరిశీలించడం, నమ్మడం కాదు. దానినే ‘కిమ్ పరిస్థితి విషమంగా ఉన్నట్లు తెలుస్తోంది’ అని తెలుగులో రాస్తే పరిశీలించే అమెరికా వాక్యంలోంచి జారిపోతుంది. ‘ఉన్నదని’ అనకుండా ‘ఉన్నట్లు’ అనడంలో కొంత సంకోచం మిగులుతుంది. జాగ్రత్తగల ఉపసంపాదకుడు తన అనుమానాన్ని దాచుకునే చోటు అదే. అయితే శీర్షికకు క్రియ అక్కరలేదు: ‘కిమ్ పరిస్థితి విషమం’. ఫోనులో చాలామంది చూసేది ఆ మూడు మాటలే. అసాధారణ సూచనలేవీ కనిపించడం లేదని దక్షిణ కొరియా ప్రభుత్వం అప్పుడే చెప్పింది. మే 1న కిమ్ సున్‌చోన్ ఎరువుల కర్మాగారంలో రిబ్బను కత్తిరించారు.

విదేశీ విలేకరులు స్వేచ్ఛగా తిరగలేని దేశం గురించి ఏమి రాసినా వెంటనే సరిచూసే వీలుండదు. ఆ ప్రభుత్వం ఇలాంటి వాటికి జవాబివ్వడమూ అరుదు. నేను కిమ్ పక్షాన మాట్లాడటం లేదు. 2014 ఫిబ్రవరిలో ఐక్యరాజ్యసమితి విచారణ సంఘం బాధితుల, సాక్షుల వాంగ్మూలాలను ఆధారం చేసుకుని అక్కడ మానవాళిపై నేరాలు జరుగుతున్నాయని తేల్చింది. రాజకీయ ఖైదీల శిబిరాల్లో 80,000 నుంచి 1,20,000 మంది ఉన్నారని అంచనా వేసింది. ‘తెలుస్తోంది’ అనే మాటకు నిజంగా అర్హత ఉన్నది ఆ నివేదికకు. జనం నోట నానినవి మాత్రం కుక్కల కథలాంటివి. చాలాచోట్ల ఇతర దేశాధినేతలు ‘అన్నారు’, కిమ్ ఒక్కడే ‘అన్నాడు’ కావడం గురించి వేరే చర్చ పెట్టుకోవచ్చు.

మరొక సభ్యురాలు: మాస్టారూ, పత్రిక చదివే అలవాటున్నవారికి ‘తెలుస్తోంది’ అంటే ‘ఇంకా ఖాయం కాలేదు’ అనే అర్థమవుతుంది. వాడుకలో అరిగి మారిన మాటను ధాత్వర్థంతో, అంటే ఆ క్రియ అసలు అర్థంతో, తూచడం న్యాయమా?

జవాబు: మీ ఆక్షేపణ సబబైనదేనమ్మా. వాడుక అర్థాన్ని మారుస్తుంది, కాదనను. అయితే ‘మృతుడు విజయవాడ వాసి అని తెలిసింది’ అంటూ పోలీసులు నిర్ధారించిన సంగతికీ, మూడు దేశాలు దాటి వచ్చిన పుకారుకూ ఒకే క్రియ వాడితే ఏది ఏదో పాఠకుడు పోల్చుకునేది ఎలా? పత్రికలకు ‘అట’ నచ్చకపోతే ‘ఫలానా పత్రిక రాసింది’ అనే మార్గం ఉండనే ఉంది. అందుకు ఖర్చు రెండు మూడు మాటలే. 2013 ఆగస్టులో గాయని హ్యోన్ సాంగ్ వోల్‌ను కాల్చి చంపారని దక్షిణ కొరియా పత్రిక చోసున్ ఇల్బో రాసింది. 2014 మేలో ఆమె ఉత్తర కొరియా టీవీలో కనిపించారు. 2018 జనవరిలో శీతాకాల ఒలింపిక్స్‌కు ముందు ప్రదర్శన వేదికలు చూడడానికి ఒక బృందానికి నాయకురాలిగా సియోల్‌కే వచ్చారు. ‘కాల్చి చంపారని తెలిసింది’ అని రాసి ఉంటే ఆ వాక్యం ఆనాటికి అబద్ధమైపోయేది. ‘కాల్చి చంపారని చోసున్ ఇల్బో రాసింది’ అన్న వాక్యం ఈనాటికీ నిజమే.