డీవీటీ (కాలి లోపలి సిరలో రక్తం గడ్డకట్టడం) వచ్చి బ్లడ్ థిన్నర్ వాడుతున్న వాళ్లకు మసాజ్ చేయొచ్చా?

ప్రశ్న (మసాజ్ థెరపిస్ట్):
క్లయింట్‌కి ఎడమ పిక్కలో డీవీటీ వచ్చి రెండు నెలలైంది. అపిక్సబాన్ అనే బ్లడ్ థిన్నర్ 5 మి.గ్రా. రోజుకు రెండుసార్లు వేసుకుంటున్నారు. వాపు, నొప్పి పోయాయి. నడుము, పిక్కలు గట్టిగా ఒత్తమంటున్నారు. మందు వాడుతున్నారు కదా, గడ్డ కరిగిపోయినట్టేనా? కాలు వదిలేసి వీపు చేస్తే ఫర్వాలేదా?

జవాబు (ఫిజియోథెరపిస్ట్):
కరిగిపోయిందని అనుకోకండి. బ్లడ్ థిన్నర్ గడ్డను కరిగించదు. అది పెరగకుండా, కొత్తది కట్టకుండా ఆపుతుంది, అంతే. ఉన్న గడ్డను శరీరమే మెల్లగా కరిగించుకోవాలి, కొందరిలో కొంత సిర గోడకు అంటుకుని మిగిలిపోతుంది. చికిత్స కనీసం 3 నెలలు సాగేది అందుకే. ఈలోగా పిక్కను పిసికినా, కింది నుంచి పైకి బలంగా నిమిరినా ముక్క ఊడి తొడ సిర గుండా గుండెకు, అక్కణ్ణుంచి ఊపిరితిత్తుల్లోకి పోగలదు. ప్రాణం పోయే ప్రమాదమది.

కాబట్టి రెండు కాళ్లూ వదిలేయండి. రెండో కాలిలోనూ లక్షణాల్లేని గడ్డ ఉండొచ్చు. పొత్తికడుపు, గజ్జల్లో లోతుగా ఒత్తకండి, కాళ్ల నుంచి వచ్చే పెద్ద సిరలు అక్కడివే. చికిత్స చేస్తున్న డాక్టరు రాతపూర్వకంగా ఒప్పుకుంటే వీపు, మెడ, భుజాలు తేలికగా చేయొచ్చు. డీప్ టిష్యూ (లోతుగా ఒత్తే మసాజ్), కప్పింగ్ (గిన్నెలతో చర్మాన్ని పైకి లాగడం), మసాజ్ గన్ మాత్రం వద్దు.

జవాబు (హెమటాలజీ నర్సు):
పైన చెప్పింది గడ్డ సంగతి. రక్తస్రావం సంగతీ చూడాలి. మోచేత్తో ఒత్తితే కండరం లోపల రక్తం చేరి, మర్నాటికి గానీ కమిలిన మచ్చ బయటపడకపోవచ్చు. వార్ఫరిన్ అనే బ్లడ్ థిన్నర్ వాడేవాళ్లను చివరి ఐఎన్ఆర్ (రక్తం ఎంత నెమ్మదిగా గడ్డకడుతోందో చూపే పరీక్ష అంకె) ఎంతో అడగండి. డీవీటీకి సాధారణంగా 2 నుంచి 3 మధ్య ఉంచుతారు. అంతకు మించి ఉంటే ఆ రోజు మసాజ్ ఆపి, డాక్టరుకు చెప్పమనండి. ప్లేట్‌లెట్లు 50,000 లోపు ఉంటే ఒత్తిడి అసలు పెట్టకూడదు. హెపారిన్ (ఇదీ బ్లడ్ థిన్నరే) ఇంజెక్షన్ పొడిచిన చోటును రుద్దొద్దు.

చాలామంది పట్టించుకోనిది నొప్పి బామ్. మిథైల్ సాలిసిలేట్ ఉన్నవి చర్మం గుండా లోపలికి చేరి వార్ఫరిన్ ప్రభావాన్ని పెంచుతాయి. మామూలు నూనె చాలు. ఇంకోటి, మసాజ్ కోసం ఎవరూ మాత్ర మానకూడదు. అపిక్సబాన్ ప్రభావం త్వరగా తగ్గిపోతుంది, డోసు తప్పితే గడ్డ కట్టే ముప్పు తిరిగొస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. ఫ్యాక్టర్ ఫైవ్ లైడెన్ (రక్తం సులువుగా గడ్డకట్టేలా చేసే జన్యు మార్పు) ఉండి, ఎప్పుడూ గడ్డ కట్టనివాళ్ల మాటేమిటి?

జవాబు (ఫిజియోథెరపిస్ట్):
అదొక్కటే అయితే తేలికపాటి మసాజ్‌కు అడ్డు కాదు. దానికి తోడు ఈమధ్య ఆపరేషన్, కాన్పు, ఈస్ట్రోజన్ మాత్రలు, సుదీర్ఘ ప్రయాణం, మంచానపడటం వంటివి ఉన్నాయేమో ప్రతిసారీ అడగండి. ఉంటే ముందు డాక్టరు మాట.

చేయి వేసేముందు రెండు పిక్కలూ చూడండి. ఒకే కాలు వాచి, వేడిగా, ఎర్రగా ఉంటే ముట్టుకోకుండా అదే రోజు పరీక్షకు పంపండి. మోకాలి చిప్ప కింది ఎముక బుడిపె నుంచి 10 సెం.మీ. దిగువన టేపుతో కొలవండి, తేడా 3 సెం.మీ. దాటితే అనుమానం బలపడుతుంది. పాదాన్ని పైకి వంచి నొప్పి చూసే పాత పరీక్ష నమ్మదగ్గది కాదు, చేయకండి. మసాజ్ మధ్యలో హఠాత్తుగా ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు, కళ్లు తిరగడం, దగ్గితే రక్తం కనిపిస్తే వెంటనే ఆపి అంబులెన్స్‌కు ఫోన్ చేయండి. అది వచ్చేవరకు వాళ్లను నడిపించకండి.